చివరి గడిలో ఏనుగు

"కన్న కూతురితో పందెమేంటే!" అని మా ఆయన ఒకటే నవ్వు.

మరేం చెయ్యమంటారు? ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇన్నేళ్లు కార్ల కంపెనీకి కోడ్ రాసిన దాన్ని, ఎర్లీ రిటైర్మెంట్ ఫారం చేతిలో పెట్టారు. సోమవారంలోగా దానిమీద సంతకమన్నా పెట్టాలి, కొత్త టీమ్‌కి ఇంటర్వ్యూ అన్నా ఇవ్వాలి. కొత్త పిల్లల మధ్య నా బుర్ర ఇంకా పనిచేస్తుందా అని నాకే భయం. ఫారాన్ని ఫ్రిజ్‌కి తగిలించి తేల్చి చెప్పాను: నేను రాసే చెస్ ప్రోగ్రామ్ మా అమ్మాయి రాసే ప్రోగ్రామ్‌ని ఓడిస్తే ఇంటర్వ్యూ, ఓడిపోతే సంతకం.

అమ్మాయి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. "అమ్మా, నీది సో ఓల్డ్ స్టైల్," అంది.

నాది ఆల్ఫా-బీటా. ఎత్తు, దానికి పై ఎత్తు, మళ్లీ దానికి పై ఎత్తు, వరసగా చూసుకుంటూ పోతుంది. ఒక దారి చెడ్డదని తేలిందా, ఇక అటు పోదు. వంకాయ పుచ్చని తెలిశాక ఇంకా తరుగుతామా? అమ్మాయిది మోంటే కార్లో. వేల ఉత్తుత్తి ఆటలు చివరిదాకా ఆడేసి, ఏ ఎత్తుతో ఎక్కువసార్లు గెలిస్తే అటు మొగ్గుతుంది. ఎత్తుకి పది సెకన్లే ఇద్దరికీ.

శనివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ మీద రెండు లాప్‌టాప్‌లు, మధ్యలో చెక్క బోర్డు. చివరికొచ్చేసరికి అమ్మాయికి రాజూ, ఒక ఏనుగూ మిగిలాయి. నా బంటు అంచు వరసలో చివరి గడి చేరింది. అక్కడికి చేరిన బంటు కోరిన పావు కావచ్చు కదా, అన్నిటికన్నా బలమైన మంత్రి అవుతుందనుకున్నా. నా ప్రోగ్రామ్ ఏనుగు కోరింది!

"అయ్యో, మతి పోయిందా దీనికి!" అని అరిచాను. నాలుగు ఎత్తుల్లో ఆట కట్టు. నేనే గెలిచాను!

"అమ్మా, వావ్! మంత్రి తీసుకుంటే నా ఏనుగు అడ్డంపడి చచ్చేది, నా రాజుకి చెక్ లేకపోయినా కదలడానికి చోటుండదు, డ్రా! అంత డీప్ ఎలా చూసింది?"

నోరు మూసుకుంటే సరిపోయేది. నా వల్ల కాలేదు. కోడ్ తెరిచి చూస్తే తల కొట్టుకోవాలనిపించింది. చిన్నప్పుడు తాతయ్య నేర్పిన ఆటలో, బంటు ఏ వరసలో చివరికి చేరితే ఆ వరసలో మొదట నిలబడే పావు అవుతుంది. అంచు వరసంటే ఏనుగే. అలవాటుకొద్దీ అదే రాసేశాను! నా ప్రోగ్రామ్‌కి మంత్రి అవ్వచ్చనే తెలియదు.

"ఇది గెలుపు కాదే," అన్నాను.

"ఆగమ్మా. ఫిక్స్ చెయ్యి. సేమ్ పొజిషన్ మళ్లీ రన్ చేద్దాం. నాది కూడా నీ ప్లేస్‌లో పెడతా."

ఏది కావాలంటే అది అయ్యేలా సరిచేశాను. పది సెకన్లు. ముందు అమ్మాయిది చెప్పింది: మంత్రి. ఉత్తుత్తి ఆటల్లో మంత్రి ఎక్కువసార్లు గెలిచింది మరి, ఆ ఒక్క ఉచ్చు కంటపడలేదు. నాది ఊగిసలాడింది. మంత్రి, మంత్రి, మంత్రి... తొమ్మిదో సెకనులో స్క్రీన్ మీద ఏనుగు!

ఇద్దరం కుర్చీలు పడేసి గెంతాం. మా ఆయన పరిగెత్తుకొచ్చి, "ఏమైంది? మరి ఆ ఫారం?" అన్నారు.

ఫ్రిజ్ మీంచి దాన్ని లాగి, వెనకవైపు ఆట ఎత్తులన్నీ పెన్నుతో రాశాను. మళ్లీ అక్కడే తగిలించాను, రాసిన వైపు బయటికి కనపడేలా.