దర్వాజ దాటని పెట్టె

ఆ రోజుల్లో మా సిరిసిల్లలో ఎవరింట్లో ఏ కొత్త పని మొదలైనా వాడకట్టంతా ఒక్కటే అడిగేది, ఎందుకు అని. గోడ కడితే ఎందుకు, చుట్టం వచ్చి నాలుగు రోజులుంటే ఎందుకు. అన్నలకు (నక్సలైట్లను అలాగే అనేవాళ్ళం) భయపడేవాళ్ళు కొందరు, పోలీసులకు భయపడేవాళ్ళు కొందరు, ఇద్దరికీ భయపడేవాళ్ళు చాలామంది. మేం ఆ చాలామందిలోని వాళ్ళం. అటువంటి కాలంలో ఇరవై రెండేళ్ళ నేను ఇంట్లో ఒక చెక్కపెట్టె చేద్దామని కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు నా ఉద్యోగమంతా ఆ పెట్టె మీదే ఆధారపడి ఉంది.

కోరుట్లలో నాకు లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. పది రోజుల్లో చేరాలి, చేరకపోతే పోయినట్టే. మా బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) పొమ్మనడు, వద్దనడు. ఏ బస్సు ఎప్పుడు ఆగిపోతుందో తెలియని రోజుల్లో పెళ్ళికాని బిడ్డ పరాయి ఊళ్ళో గది తీసుకుని ఒక్కతే ఉండటమంటే ఆయనకు అన్నం సహించలేదు. ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. "ఒక్కదానివి ఉండాలంటే బియ్యం, స్టవ్వు, గిన్నెలు, బొంత, పుస్తకాలు అన్నీ తాళమేసుకునేటందుకు ఓ పెట్టె ఉండాలె బిడ్డా. పెట్టె అయినంక పోదువు" అన్నాడు. వడ్రంగిని పిలుద్దామంటే నెల దాకా ఆయనకు తీరిక లేదట. (ఆ సంగతి కనుక్కొచ్చింది కూడా బాపే. ఆయన అసలు వెళ్ళాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.) "అయితే నేనే చేసుకుంట" అన్నాను. జీవితంలో అప్పటిదాకా గోడకు క్యాలెండరు మేకు తప్ప ఇంకేదీ కొట్టిన దాన్ని కాదు.

మా ఇంట్లో రెండు సాంచాలు ఉండేవి. మరమగ్గాన్ని మా ఊళ్ళో సాంచా అంటారు. వాటి సామాను వచ్చిన పాత డబ్బాల చెక్కలు అటక మీద ఉంటే దించి వాకిట్లో పరిచాను. గంట గడవకముందే పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచి చూసింది.

"ఎందుకే గంత పెద్ద పెట్టె?"

"కోరుట్లకు పెద్దమ్మా. బియ్యం, గిన్నెలు పెట్టుకుంట."

"గన్ని గిన్నెలా?" అని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చి అదే అడిగింది. మూడోసారి గొంతు బాగా తగ్గించి, "నాతోని చెప్తే ఏమైతది, నేనెవ్వలికన్న చెప్తనా?" అంది. ఆ మాట విన్నాక బాపు చెక్కలన్నీ ఎత్తి సాంచాల గదిలో పడేశాడు. సాంచాలు నడుస్తున్నప్పుడే సుత్తి కొట్టాలి, కరెంటు పోతే ఆపాలి, అదీ ఆయన పెట్టిన షరతు. ఆ చప్పుడులో సుత్తి దెబ్బ నాకే వినపడేది కాదు. వేలి మీద పడినప్పుడు మాత్రం తెలిసేది.

కొలత దగ్గర మాకు పేచీ వచ్చింది. పొడుగు రెండు మూరలు, ఎత్తూ వెడల్పూ మూరన్నర చొప్పున అనుకున్నాం. నేను గీత గీశాక బాపు వచ్చి చూసి, "అన్నిటికీ నాలుగు వేళ్ళు ఎక్కువ పెట్టు. తడిస్తే గుంజుకుంటది" అన్నాడు.

"బాపూ, అది కట్టె. బట్ట కాదు."

"వానకాలం రాదా? నీ అంత వయసప్పటి సంది కొలుస్తున్న, నువ్వు నాకు చెప్తవా?"

కట్టె తడిస్తే బట్టలా కుంచించుకుపోదు, ఉబ్బుతుందని నేను పిల్లలకు పాఠం చెప్పగలను, బాపుకు చెప్పలేను. నాలుగు వేళ్ళు ఎక్కువే పెట్టాను.

తొమ్మిదో రోజు మూత బిగిస్తుంటే కరెంటు పోయింది. రెండు సాంచాలూ ఒక్కసారిగా ఆగాయి, నా చెయ్యి ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో నా సుత్తి మూడు దెబ్బలు ఒంటరిగా మోగింది. వీధిలో పోతున్న బూట్ల చప్పుడు కూడా ఆగింది. తలుపు తోసుకుని ఇద్దరు పోలీసులు లోపలికి వచ్చారు. ఒకాయనకు పెద్ద మీసాలు. బాపు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు, ఆయన అలా ఎవరి ముందైనా నిలబడటం నేను చూడటం అదే మొదలు.

మీసాలాయన లాఠీతో పెట్టెను తట్టి, మూత ఎత్తి లోపలికి తొంగి చూశాడు. అందులో నాలుగు వంకర మేకులూ నా జడ రిబ్బనూ ఉన్నాయి.

"ఎవ్వల కోసం ఇది?"

"నా కోసమే సార్. కోరుట్లల టీచర్ నౌకరి వచ్చింది."

ఆయన పెట్టెను చూశాడు, దర్వాజను చూశాడు, మళ్ళీ పెట్టెను చూశాడు. "ఏం చెప్తవమ్మా, ఏ సబ్జెక్టు?"

"లెక్కలు సార్."

"దర్వాజ కొలిచినవా మరి?"

కొలవలేదు. ఆ తరువాత అరగంట సేపు పోలీసులు తుపాకులు సాంచాకు ఆనించి, మాతో కలిసి ఆ పెట్టెను నిలువుగా, అడ్డంగా, పక్కకు పడుకోబెట్టి తిప్పి చూశారు. తలుపు రెక్కలు కూడా ఊడదీశాం. ఎటు తిప్పినా ఆ నాలుగు వేళ్ళే అడ్డం. చివరికి మీసాలాయన చెమట తుడుచుకుని రెండో ఆయనతో, "ఈ పెట్టెతోని ఎవ్వలికేం భయం లేదు. ఇది ఈ ఇంట్లకెల్లి కదలది" అని చెప్పి వెళ్ళిపోయాడు. గోడ అవతల పెద్దమ్మ పడీ పడీ నవ్వడం మాకు వినపడింది.

బాపు పెట్టె మీదే కూలబడ్డాడు. ఆయన ముఖంలో బాధ లేదు, అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది. "ఇగ పెట్టెనే పోకపాయె. బిడ్డెట్ల పోతది?" అన్నాడు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది.

వంటింట్లోంచి అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ అంటారు) చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కొలువు ఎవ్వలికి వచ్చింది? పెట్టెకా, బిడ్డకా?" అంది.

బాపు లేచి పట్టుకారు తెచ్చి, నేను తొమ్మిది రోజులు కొట్టిన మేకులను ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. వంగినవాటిని రాయి మీద సాపు చేశాడు. ఏ చెక్క దేనికి అతకాలో గుర్తుకు మూల మూలకూ రంగు దారాలు కట్టాడు, పసుపుకు పసుపు, ఆకుపచ్చకు ఆకుపచ్చ. (ఎరుపు మాత్రం వాడలేదు. ఆ రోజులు అటువంటివి.) మర్నాడు చెక్కల మోపు బస్సు టాపు మీద, మేకులు బాపు జేబులో, మేమిద్దరం సీట్లో. గడువు ఆఖరి రోజున ఉద్యోగంలో చేరాను. కోరుట్ల గదిలో పెట్టెను మళ్ళీ బిగించి, మేకులు కుదురుకునే దాకా చూడాలని బాపు రెండు రోజులు అక్కడే ఉన్నాడు. అక్కడి దర్వాజ కూడా మేం కొలవలేదు.

అందుకే ముత్యంపేటకు బదిలీ అయినప్పుడు పట్టుకారుతో బాపు రావలసి వచ్చింది, జగిత్యాలకు వచ్చినప్పుడూ అంతే. ప్రతిసారీ దారాలు కట్టడం, విప్పడం, మేకులు కుదురుకునే దాకా రెండు రోజులు. ఒక వడ్రంగి నవ్వి, నాలుగు వేళ్ళు కోసేస్తే అయిపోతుంది కదమ్మా అన్నాడు. వద్దన్నాను. జీవితంలో ఒక్క పోగు తప్పని మనిషి నిజంగా కట్టె గుంజుకుంటుందనే అనుకున్నాడా అని ఒకసారి బాపునే అడిగాను. "బట్ట నేసేటోనికి కట్టె సంగతి ఎట్ల తెలుస్తది బిడ్డా" అని ముఖం అటు తిప్పుకున్నాడు.

బాపు పోయాక జగిత్యాలలో నేను ఇల్లు కట్టుకున్నాను. పెట్టెను విప్పడానికి నాకు చేతులు రాలేదు. అది అద్దె గదిలోనే ఉండగా, కొత్త ఇంటి దర్వాజ ఎంత పెట్టమంటారని మేస్త్రీ అడిగాడు. కొలత చెప్పి, ఇంకో నాలుగు వేళ్ళు ఎక్కువ పెట్టమన్నాను. ఎందుకన్నట్టు చూశాడు.

"తడిస్తే గుంజుకుంటది" అన్నాను. లెక్కల టీచర్ని కదా, ఆయన అలాగే రాసుకున్నాడు. తీరా పెట్టెను తెద్దామని వెళితే అద్దె గది దర్వాజ దాటి అది రాలేదు. ఈసారి పట్టుకారు నేనే పట్టుకున్నాను. కొత్త ఇంట్లో బిగించాక, మేకులు కుదురుకునే దాకా రెండు రోజులు దాని పక్కనే కూర్చున్నాను.