మొండిదాన్ని దించిన రోజు

ఆవిడ అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తుండదు. అందరికీ వదినే. ఆ పిలుపు మొదలుపెట్టింది ఆవిడ సొంత మరిది. చిన్నప్పుడే తల్లి పోతే అన్నావదినల దగ్గర పెరిగాడు. పెద్దయ్యాక అదే ఫ్యాక్టరీలో చేరి, "వదినా, ఆ స్పానర్ ఇలా విసురు", "వదినా, తిన్నావా" అంటూ షెడ్డంతా వినపడేలా కేకలు పెడుతుంటే పక్కవాళ్ళకీ అదే నోటికొచ్చేసింది. చివరికి తండ్రి వయసున్న యజమాని కూడా "వదినని రమ్మనండి" అనేవాడు.

"మీరు కూడానా అయ్యా? మా ఆయన మీకు అన్నయ్యైపోతాడు" అని ఆవిడంటే, "అవనీ, నాకు అన్నలెవరూ లేరు" అనేవాడాయన.

ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. కొట్టిన చెట్ల దుంగల్ని కొండల మీంచి లాగే యంత్రాలు చేసే ఆ ఫ్యాక్టరీ, ఆయనా ఆయన తమ్ముడూ పెట్టిన కొలిమిలోంచి పుట్టింది. తుక్కుకింద కొన్న లారీ ఇంజనుకి ఒక డ్రమ్ము తగిలించి, డ్రమ్ముకి ఉక్కు తాడు చుట్టి, మొత్తాన్ని రెండు లావాటి దుంగల మీద బిగించారు. అదే వాళ్ళ మొదటి వించి. తాడు కొస పైనున్న చెట్టుకి కట్టి ఇంజను నడిపితే, అది తాడుని చుట్టుకుంటూ తనను తానే కొండమీదికి లాక్కునేది. మొదలవడానికి ఎంత సతాయించేదో ఆగడానికీ అంతే సతాయించేది. దానికి మొండిదని పేరు పెట్టింది తమ్ముడే.

ఆ తమ్ముడు వాళ్ళ రెండో యంత్రం మీద పోయాడు. లాగుతున్న దుంగ లోయలోకి జారింది. డ్రమ్ము తాడుని వదల్లేదు. దుంగ వెంట యంత్రమూ, యంత్రంతో మనిషీ వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీ గేటు దాటిన ప్రతి యంత్రానికీ కూర్చునేవాడి కుడిచేతి పక్కన ఒక ఎర్ర పిడి ఉండేది. అది లాగితే డ్రమ్ము పట్టు విడిచేస్తుంది. తాడూ బరువూ పోతాయి, మనిషి మిగులుతాడు. అది తీసేసి కాస్త ధర తగ్గించి ఇవ్వమని అడిగేవాళ్ళకి పెద్దాయన టీ తాగించి పంపేసేవాడు, యంత్రం మాత్రం అమ్మేవాడు కాదు.

వదిన పెళ్ళయిన కొత్తలో అక్కడ రంగులేసే పనికి చేరింది. ఫ్యాక్టరీ వెనక ఒక మట్టి దిబ్బ ఉంది. కొత్త యంత్రాన్ని ఆ దిబ్బెక్కించి, బరువు లాగించి చూశాకే అమ్మేవాళ్ళు. ఆ పని చేసే మనిషి ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేశాడు. పెద్దాయన షెడ్డు మధ్యలో నిలబడి, దీన్ని ఎవరు తోలతారని అడిగాడు. మగవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే వదిన బ్రష్షుతో సహా చెయ్యెత్తింది. ఇనుము పోత పోసే విభాగంలో పనిచేసే భర్త ఆ సాయంత్రం కబురు విని, "ఇంట్లో నన్ను తోలుతున్నావుగా, అది చాల్లేదా?" అన్నాడు. అంతకుమించి అడ్డు చెప్పలేదు.

అలా దిబ్బ మీద ఆవిడ జుట్టు నెరిసింది. ఆవిడ సరేననకుండా ఏ యంత్రమూ లారీ ఎక్కేది కాదు.

పెద్దాయనకి కాళ్ళు పడిపోయాక వ్యవహారమంతా కొడుకు చేతికొచ్చింది. చిన్నాయన అనేవాళ్ళతన్ని. ఫ్యాక్టరీ ముందు పాత యంత్రాలకని ఒక హాలు కట్టించాడు. వెతికి వెతికి చాలావాటిని తిరిగి కొన్నాడు. కానీ మొండిది లేకుండా హాలేమిటి? అది చివరిసారి పనిచేసిన కొండమీదే, కొన్నవాళ్ళు వదిలేసిన చోటే, పొదల మధ్య తుప్పుపట్టి పడుంది. పెద్దాయన మంచం మీంచి రోజూ దాని గురించే అడుగుతున్నాడు. డాక్టరు ఎక్కువ ఆశ పెట్టుకోవద్దన్నాడు.

క్రేను ఎక్కే దారి లేదు. ఫ్యాక్టరీ కొత్త ట్రాక్టరు ఒకటి వెనకవైపు చుట్టుదారిలో కొండమీదికి తీసుకెళ్ళి, దాని వించి తాడుతో మొండిదాన్ని కట్టి, ఒకపక్క లోయ ఉన్న ఆ వాలు మీద మెల్లగా కిందికి వదలాలి. ముందు వారమంతా వానలు. ఆ పొద్దున తెరిపిచ్చింది.

"ఇంకో నాలుగు రోజులు ఆగుదామా?" అన్నాడు చిన్నాయన, బూటు మడమతో మట్టి నొక్కి చూస్తూ.

"మీ నాన్నగారు ఆగుతారా?" అంది వదిన.

చిన్నాయన మట్టి మీంచి కాలు తీసేశాడు. మరిది మాత్రం, "నేల మెత్తగానే ఉంది వదినా" అని నసిగాడు.

"నాకు కనపడట్లేదనుకున్నావా? తాడు కట్టు."

ట్రాక్టరుని కొండ నెత్తిమీద చదునులో నిలిపి, దాని ముందుభాగాన్ని ఒక పెద్ద చెట్టు మొద్దుకి గొలుసుతో కట్టారు. వెనకనున్న ఇనుప పలకని భూమిలోకి దించారు. మరిది పొడుగాటి గునపంతో మొండిదాని పక్కనే నడుస్తూ దాన్ని దారిలో పెట్టాలి. వదిన కూర్చున్నచోటికి వాలు కనపడదు. అందుకని చిన్నాయన అంచున నిలబడి వాకీటాకీలో చెబుతుండాలి. దాని దిగువకి మాత్రం వెళ్ళొద్దని వదిన మరిదికి మళ్ళీ మళ్ళీ చెప్పింది.

సగం దూరం అనుకున్నట్టే జరిగింది. వదిన బ్రేకు కొంచెం వదలడం, బిగించడం, మళ్ళీ వదలడం. తాడు మూలుగుతూ సాగింది. చిన్నాయన గొంతులో హుషారు కూడా వచ్చింది. అంతలో తాడు వదులైంది.

"ఏమైంది?"

"మొండిదాని దుంగ కొస రాయికి ఆనుకుంది. మీవాడు చూస్తున్నాడు."

"పక్కనుంచే చూడమనండి."

 చిన్నాయన ఆ మాట కేకేసి చెప్పేలోపే కింద మరిది రాయికీ దుంగకీ మధ్య గునపం దూర్చి, పక్కనుంచి పట్టు చిక్కక, ఒక్క అడుగు ముందుకి వేశాడు. గునపం మీద ఒళ్ళంతా వేసి నొక్కాడు. మొండిది ఒక్కసారిగా ఎగిరి పక్కకి తిరిగింది. పైన ట్రాక్టరు గుర్రంలా వెనక్కి కూలబడింది. వదిన రెండు కాళ్ళతో బ్రేకు తొక్కింది. ముందునుంచి ఏదో చిరుగుతున్న చప్పుడు. తలెత్తి చూస్తే చెట్టు మొద్దు వేళ్ళతో సహా నేలలోంచి లేచివస్తోంది.

ట్రాక్టరు వెనక్కి జారడం మొదలెట్టింది. పలక తడిమట్టిని వెన్నలా కోసుకుంటూ పోతోంది. వదిన ముందుకెళ్ళే గేరు వేసి ఇంజను పూర్తిగా లేపింది. చక్రాలు బురద చిమ్మాయి. జారుడు నెమ్మదించింది, ఆగలేదు.

"వదినా, దిగిపో! దూకెయ్!" వాకీటాకీలో చిన్నాయన.

"వాడు పక్కకొచ్చాడా?"

"లేదు. కాలు ఇరుక్కుంది. రాయికీ దుంగకీ మధ్య."

 ఎర్ర పిడి మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు తాడు వదిలితే ఆ బరువంతా వాడి మీదికే. తాను దూకినా అంతే.

"నేను పట్టుకునే ఉంటాను. వాణ్ణి లాగండి."

"అంచు దగ్గరికొచ్చేశావు!"

"మీరు కిందికి వెళ్ళండి బాబూ!"

చిన్నాయన వెళ్ళాడు. వాకీటాకీ నడుముకి దోపుకుని, వాలు మీద పడుతూ లేస్తూ, మొండిది దొర్లితే తానూ మిగలనని తెలిసే దాని దిగువకి వెళ్ళాడు. పైన వదినకి ఇదేమీ తెలీదు. ఆవిడకి ఇక ఏ గొంతూ వినపడలేదు. ఇంజను రొద, తాడు మూలుగు, చక్రాల కింద బురద. మెడ తిప్పి చూస్తే వెనక అంచుమీది గడ్డిపోచలు ఒక్కొక్కటీ కనపడేంత దగ్గరికి వచ్చేశాయి. ఆ వెనక అంతా ఆకాశమే.

"బాబూ!" అని పిలిచింది. గరగరమంది తప్ప పలకలేదు. "ఒరేయ్, వినపడుతోందా?" అని మరిదిని పిలిచింది, వాడి చేతిలో వాకీటాకీ లేదని తెలిసీ.

ఆ కాసేపూ ఏమనుకున్నావని తర్వాత చాలామంది అడిగారు. ఏమీ అనుకోలేదనే చెప్పేది. భర్తకి మాత్రం నిజం చెప్పింది. వాడు ఇప్పటికే పోయుంటే నేనెందుకు పట్టుకుని కూర్చున్నానన్న ఆలోచన వచ్చిందట. అది వచ్చినందుకు తనమీద తనకే అసహ్యమేసిందట. అయినా బ్రేకు మీంచి కాళ్ళు తియ్యలేదు.

పలక అంచు దాటింది. ట్రాక్టరు వెనక్కి ఒరిగింది. కూర్చున్న సీటు కింద నేల ఉందో లేదో తెలియడం లేదు.

"వదులు! వదులు!"

అది చిన్నాయన గొంతో మరిది గొంతో కూడా పోల్చుకోలేకపోయింది. పిడి లాగింది. డ్రమ్ము గిర్రున తిరిగి తాడు పాములా బుస్సుమంటూ పోయింది. బరువు తగ్గగానే ట్రాక్టరు ఒక్క దూకు ముందుకి దూకి, కూలిన మొద్దుని గుద్దుకుని ఆగింది. కింద లోయలో ఇనుము రాళ్ళమీద పడుతున్న చప్పుడు చాలాసేపు వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

వదిన ఇంజను ఆపి దిగింది.  కూర్చునే, చేతులతో గడ్డి పట్టుకుంటూ వాలు దిగింది. ఎవర్నీ పిలవలేదు. పిలిస్తే పలక్కపోతే?

రాయి పక్కన ఇద్దరూ ఒకరిమీదొకరు పడున్నారు. నిలువెల్లా మట్టి. చిన్నాయన రొప్పుతున్నాడు. మరిది మొహం పాలిపోయి ఉంది. ఒక కాలికి బూటు లేదు. పాదం వంకరగా తిరిగిపోయింది.

"వదినా," అన్నాడు పళ్ళ బిగువున, "కొత్త బూట్లు. ఒకటి మీ మొండిది పట్టుకుపోయింది."

ఆవిడ వాడి చెంప మీద ఒకటి వేసింది. తర్వాత వాడి తల ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది.

పెద్దాయనకి కబురు చెప్పడానికి తనే వెళ్ళింది. ఆయన అంతా విని, "ఇంకాస్త పట్టుకోవాల్సింది" అన్నాడు.

"పట్టుకుంటే నేనూ పోయేదాన్ని అయ్యా."

ఆయన మొహం తిప్పుకున్నాడు. వదిన ఇంటికొచ్చి ఆ మాట భర్తకి చెబుతూ అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకుంది. ఎర్ర పిడి పెట్టించిన మనిషే అలా అన్నందుకు ఒళ్ళు మండింది. మర్నాడు దిబ్బ మీద యంత్రం ఎక్కి, బ్రేకు మీద పెట్టిన కాళ్ళు తీసేసింది. దిగిపోయి, రంగుల షెడ్డులో పాత చోటుకే వెళ్ళి బ్రష్షు పట్టుకుంది.  మరిది పాదానికి ఆపరేషన్ అయ్యింది. కుంటుతూ నడుస్తాడని చెప్పారు.

లోయలోంచి వెతికి తెచ్చిన ముక్కలు కొన్నే. పగిలిన డ్రమ్ము, ఒక పళ్ళచక్రం, ఇంజనులో సగం. అచ్చం అలాంటిదే కొత్తది చేయించి పెడదామా అని చిన్నాయన తండ్రిని అడిగాడు. "చేస్తే కొత్తదని రాసి పెట్టు" అన్నాడట పెద్దాయన. చిన్నాయన ఆ ఆలోచన మానుకుని, ముక్కల్ని ముక్కలుగానే హాలు నేలమీద పరిపించాడు.

వాన మళ్ళీ పట్టుకున్న రోజుల్లో పెద్దాయన వదినని రమ్మన్నాడు. ముళ్ళమీద నడిచినట్టు వెళ్ళిందావిడ. ఆయన బాగా చిక్కిపోయి ఉన్నాడు. కూర్చోమన్నాడు. ఆ రోజు అన్న మాట గురించి ఎత్తలేదు. మరిది పాదం ఎలా ఉందని అడిగాడు. తర్వాత, "మొండిది ఎలా పడింది?" అన్నాడు.

"నాకు కనపడలేదయ్యా. చప్పుడే విన్నాను."

"ఆ చప్పుడే చెప్పు. జారిందా, దొర్లిందా?"

వదిన కళ్ళు మూసుకుంది. అప్పటిదాకా ఆ చప్పుడు గుర్తు రాకుండా ఉండాలని ఎంతో పెనుగులాడింది. "ముందు జారింది. దుంగలు మట్టిలో రాసుకున్నట్టు. తర్వాత ఒక రాయికి కొట్టుకుంది. అప్పుడు దొర్లింది."

"డ్రమ్ము వైపు ముందు పడుంటుంది. బరువంతా అటే" అన్నాడాయన, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "గంటలా మోగిందా?"

"మోగిందయ్యా. ఒక్కసారే."

ఆయన తలాడించాడు. కళ్ళు తుడుచుకోలేదు. చెంపల మీదికి కారనిచ్చాడు. "మా తమ్ముడి యంత్రం పడ్డప్పుడు నేను ఊళ్ళో లేను. చూసినవాళ్ళని అడిగే ధైర్యం రాలేదు" అని కుర్చీ దగ్గరికి జరుపుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. "తాడు కట్టిన దగ్గర్నుంచి చెప్పు. తొందరేం లేదు."

వదిన కుర్చీ మంచానికి ఆనించుకుని, చెప్పడం మొదలుపెట్టింది.