భారీ రాయని రోజు

నాన్న ఒక పత్రికకు మా మండల విలేకరి. నా చేతిరాత బాగుంటుందని, ఆయన చెబుతుంటే వార్తలు నేను రాసేదాన్ని. "భారీ" లేకుండా ఆయన వార్త ఉండేది కాదు. పలాసలో భారీ ర్యాలీ, టెక్కలిలో భారీ కొండచిలువ, మా తీరంలో వలకు చిక్కిన భారీ టేకు చేప. ఆ మాట ఉంటేనే వార్త వేస్తారని ఆయన నమ్మకం. చేపలమ్మే పిన్ని మా గుమ్మంలో గంప దించి, "నా గంప మీదా ఓ భారీ రాసీయ్ బావా, బేగి అమ్ముడైపోద్ది" అని నవ్వేది.

తుఫాను వెళ్లిన మర్నాడు మా ఉద్దానం కొబ్బరితోటలన్నీ నేలమీదున్నాయి. నాన్న వీధరుగు మీద కూర్చున్నారు. నేను అలవాటుగా "ఉద్దానంలో భారీ" అని మొదలుపెట్టాను.

"కొట్టీయ్ తల్లీ. కొండసిలువకీ అదే రాసి, దీనికీ అదే రాత్తే సదివినోలికి ఏటి తెలుత్తాది?"

తూర్పుకి చూసి, ఇలా రాయమని చెప్పారు. "మా వీధిలోంచి ఇప్పుడు సముద్రం కనిపిస్తోంది. నిన్నటిదాకా కొబ్బరిచెట్లు అడ్డం ఉండేవి."

పడిన చెట్లు దాటుకుంటూ పలాసలోని పత్రిక ఆఫీసు దాకా నడిచి ఆ కాగితం ఇచ్చి వచ్చారు. మర్నాడు పత్రికలో "ఉద్దానంలో భారీ నష్టం" అని వచ్చింది. ఆ రెండు వాక్యాలు లేవు. నాన్న పత్రిక మడిచేశారు. నేను వాటిని ఎవరికీ చెప్పకుండా డైరీలో రాసుకున్నాను.

ఆ తుఫాను తర్వాత నాటిన కొబ్బరిమొక్కలు ఇప్పుడు నా తలను దాటాయి. ఈ ఉదయం అరుగు మీద నిలబడితే సముద్రం వినిపించింది గాని కనిపించలేదు. నాన్నను పిలిచి చూపించాను.

"ఇదీ రాసుకో తల్లీ," అన్నారు. "అది రాసుకున్న పుస్తకంలోనే."