ట్యాంకు మూత బెజ్జం

వత్సవాయి దగ్గర ఒక రైతు షెడ్డులో ఇరవయ్యేళ్లుగా తుప్పుపట్టి పడున్న ఆయిలింజను నా చేతి మీదే లేచింది. హ్యాండిలేసి ఒక్క తిప్పు తిప్పా. పత్తిచేలో కొంగలన్నీ లేచిపోయాయి. ఆ చప్పుడు చిల్లకల్లు హైవే దాకా వినపడిందని జగ్గయ్యపేటలో రెండేళ్లుగా చెప్పుకుంటున్నా.

ఇందులో నిజమల్లా, హ్యాండిల్ తిప్పింది నేనన్నదే. కొంగలు రెండే. మిగతా పనంతా మా బావది.

బావంటే మా అక్క మొగుడు. నందిగామలో నలభయ్యేళ్లు ఆయిలింజన్లు బాగుచేశాడు. నేనూ అదే పని, జగ్గయ్యపేటలో. ఆయనకి చూపు తగ్గింది, చెయ్యి వణుకు మొదలైంది. స్పానర్లు పాతసామాన్లకి వేసెయ్యమని అక్క పోరు. "ఈ ఒక్క ఇంజనూ ఆడకపోతే నేనే వేసేస్తా" అని అక్క ముందు, నా ముందు అనేశాడు. ఆ మాట నేను పట్టుకున్నా.

సాయానికని నేనూ వెంట వెళ్లా. మూడు రోజులు పట్టింది. ట్యాంకులో డీజిలు బెల్లప్పాకంలా గడ్డకట్టింది, కడిగాడు. పంపులో డీజిలు నెట్టే ప్లంజరు పట్టేసింది. కిరసనాయిల్లో నానేసి, సుత్తి తగలనివ్వకుండా వేళ్లతోనే తిప్పి తిప్పి ఊడదీశాడు. డీజిలు చిమ్మే నాజిల్ బెజ్జాలు కంటికి ఆనవు. గోటితో తడుముకుని సన్నతీగ గుచ్చాడు. చివరికి డీజిలు పొగమంచులా చిమ్మింది. నాకు వయసులో కూడా ఆ చెయ్యి లేదు. నా మంటంతా అదే.

మూడో రోజు ఆయన అన్నం తింటుంటే, ట్యాంకు మూతకుండే చీపురుపుల్లంత బెజ్జంలో చిటికెడు బట్టలసబ్బు కూరా. ఆ బెజ్జం మూసుకుపోతే ట్యాంకులోకి గాలి పోదు, గాలి పోకపోతే డీజిలు కిందికి దిగదు. ఇంజను స్టార్టయి, కాసేపాడి ఆగిపోతుంది. ఏమైందని మూత తీస్తే లోపలికి గాలి పోతుంది గనక మళ్లీ స్టార్టవుతుంది. మూత పెట్టాక మళ్లీ ఆగుతుంది.

ఐదుసార్లు ఆగింది. పత్తి తీసే ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఒకడు ఫోనులో వీడియో తీస్తున్నాడు.

"బావా, ఆయాసం ఇంజనుకా, నీకా?" అన్నా.

"నోర్ముయ్‌రా బామ్మర్దీ. డీజిలు పైపులో ఎక్కడో గాలి పడుతోంది."

"గాలి సోకింది నీకు. వేపమండలు తెప్పించమంటావా?"

అందరూ నవ్వారు. మా వైపు బావాబామ్మర్దుల పరాచికాలకి అడ్డుండదు. ఎంత మాటన్నా సరసమే. ఆ నీడన నేను ఎంత లోతుకి పొడుస్తున్నానో ఎవరికీ పట్టలేదు.

ఆరోసారి ఆగినప్పుడు ఆయన చేతిలో స్పానర్ జారి కాలి మీద పడింది. వంగి తీసుకోలేదు. "నా వల్ల కాదండి" అన్నాడు రైతుతో. మూడు రోజులూ "ఏమయ్యా" అని పిలిచిన మనిషిని 'అండి' అన్నాడు.

అప్పుడు నేను లేచా. మూత పరీక్షిస్తున్నట్టు నటిస్తూ సబ్బు గోటితో గీకేశా. హ్యాండిల్ తిప్పా. పొద్దుగూకేదాకా ఆడింది. వీడియోలో బావ నా వెనకాల, దించిన తలతో ఉన్నాడు.

ఆ వారమే స్పానర్ల పెట్టె కంచికచర్లలో పాతసామాన్ల కాటా ఎక్కింది.

నందిగామ వెళ్లినప్పుడల్లా అడుగుతాడు, "ఇంతకీ లోపం ఎక్కడరా?" అని. ఒకసారి ఫిల్టరన్నా, ఒకసారి పంపన్నా. మొన్న ఆయనే అన్నాడు:

"మూత బెజ్జంలో మట్టి అడ్డుపడుంటుందిరా. నేనే తడిమి చూసుకోలేదు."

"అంతే అయ్యుంటుంది బావా. చూపు లేదుగా నీకు" అన్నా.

తలూపాడు. అక్క తెచ్చిన టీలో సగం నా గ్లాసులో పోశాడు.

అచ్చయిన అక్షరం ఆయన కంటికి ఆనదు. ఆ ధైర్యంతోనే ఇది రాసి పేపరుకి పంపా. కాకపోతే పొద్దున్నే అరుగు మీద కూచుని, ఒక్క ముక్క వదలకుండా పేపరంతా ఆయనకి చదివి వినిపించేది మా అక్క.