పలక చేతికొచ్చిన శనివారం

మా బడిలో శనివారం పుస్తకాలుండవు. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. చేతిలో పలక ఉన్నవాళ్ళే మాట్లాడాలి, తక్కినవాళ్ళు వాళ్ళ కళ్ళలోకి చూస్తూ వినాలి. చెప్పేదేమీ లేకపోతే పలకను పక్కవాళ్ళకు ఇచ్చేయొచ్చు. టీచర్ల శిక్షణలో ఇందుకోసం మాకిచ్చింది రంగుల బంతి. అది మొదటి వారమే చిరిగిపోయింది. పలకలకు పేరుబడ్డ మార్కాపురం పక్కనే ఉంటూ పలకకేం కరువని, పలక పెట్టాను.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి జూన్ నుంచీ నోరు విప్పలేదు. విప్పిన రోజు నాకు పండగే. మిరప కోతలకు గుంటూరు వైపు పోయే అమ్మానాన్నలు ఈసారి తననూ తీసుకుపోతారట, తనకు బడి మానడం ఇష్టం లేదట.

"మీ నాయనకు చెప్పు" అన్నాను.

"భయం మేడమ్."

అప్పుడే నేను వాళ్ళింటికి పోవాల్సింది. పోలేదు. తల్లిదండ్రుల సమావేశానికి అధికారులు వస్తున్నారు, ఈ పిల్ల వాళ్ళ ముందు మాట్లాడితే నాకు మంచి పేరొస్తుందని ఆశపడ్డాను. సిగ్గుగా ఉంది గానీ, నిజం అదే. దగ్గర కూర్చోబెట్టుకుని మరీ మాటలు నేర్పాను.

సమావేశంలో పలక పట్టుకుని నిలబడింది. "నాయనా, నన్ను కోతలకు తీసుకపోవద్దు. అవ్వ కాడ ఉండి బడికి పోతా."

అధికారులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పిల్ల మా నియమం మరవలేదు, జవాబు చెప్పమని పలకను తండ్రికి అందించింది. ఆయన దాన్ని బెంచీ మీద పెట్టి బయటికి నడిచాడు.

వెనకాలే పరిగెత్తాను.

"ఏంది మేడమ్, నలుగుర్లో ఇట్ల నా పరువు తీస్తిరి? మాయమ్మకు చూపు లేదు. ఎదిగిన పిల్లను ఎవురి మీద వదిలిపెట్టి పోవాల? ముందే అడిగింటే చెప్పేవాణ్ని గదా!"

ఎలా వినాలో పిల్లలకు నేర్పే నేను ఆయన్ను ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత కాళ్ళరిగేలా తిరిగి హాస్టల్లో సీటు సంపాదించాను. ఆ కబురు పట్టుకుని వాళ్ళింటికి పోతే తలుపుకు తాళం వేసి ఉంది. అవ్వను కూడా వెంటబెట్టుకుని అందరూ కోతలకు పోయారట.

కోతలయ్యాక పిల్ల తిరిగొచ్చింది. మిరప ఘాటుకు వేలి కొసలు పొట్టు లేచి ఉన్నాయి. శనివారం పలక తన దగ్గరికొస్తే మాట్లాడకుండా పక్కమ్మాయికి ఇచ్చేసింది. అది తిరిగి తిరిగి నా చేతికొచ్చింది. తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాలని వారమంతా అనుకున్నాను. ఆ పిల్ల నా కళ్ళలోకే చూస్తోంది, నేను నేర్పినట్టే.

తలదించుకుని, పలకను పక్కకు ఇచ్చేశాను.