జల్లెడ ఎముక

వైద్య కళాశాలలో ఎముకల గదిని చూసుకునే పెద్దాయన రోజూ పొద్దున్నే బీరువాలోని పుర్రెను రెండు చేతులా తీసి, "ఏ తల్లి కన్న బిడ్డవో" అని దణ్ణం పెట్టుకుని, మెత్తని కుంచెతో దుమ్ము తుడిచేవాడు. పైచిప్ప తీసి కిటికీ వెలుగుకి పట్టి, ముక్కుకీ మెదడుకీ మధ్యనున్న జల్లెడ ఎముకను విద్యార్థులకు చూపించేవాడు. వాసన మోసే నరాలు ఆ సన్నని బెజ్జాల్లోంచే పైకి వెళ్తాయి. "పెద్దాయనా, ఈయనకి జలుబు చేస్తే ఎలా?" అని వాళ్లు ఆట పట్టిస్తే, "ముక్కే లేనివాడికి జలుబెక్కడిది నాయనా!" అని తనూ నవ్వేవాడు.

కిందటేడు నిచ్చెన మీంచి పడి తలకు దెబ్బ తగిలాక ఆయనకు వాసన తెలియకుండా పోయింది. ఆ నరాలే తెగాయని డాక్టరు చెప్పకముందే ఆయనకు అర్థమైంది. అన్నం మాడినా తెలియకపోవడం ఆయనకు పెద్ద లోటనిపించలేదు. కాని పోయిన భార్య శాలువా ఒకటి, ఆవిడ వాసన పోతుందేమోనని ఉతకకుండా పెట్టెలో దాచుకున్నాడు. ఇప్పుడు దాన్ని ముఖానికి ఆనించుకుంటే ఉన్ని గరుకు తప్ప ఇంకేమీ తగలడం లేదు.

ఒక ఆదివారం మరదలు చూడ్డానికి వచ్చింది. "ఏం బావా, ఇలా చిక్కిపోయావు?" అంది. ఆమె మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఆగి, ఆయన శాలువా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఒక్కసారి వాసన చూసి చెప్పమ్మా. ఇందులో మీ అక్క ఇంకా ఉందా?"