సెవెరో కేక

ప్రతి ఏప్రిల్‌లో ఒక శనివారం మా ఎల్ ఆల్తో ఊళ్లో కంప్యూటర్ల జాతర జరుగుతుంది. ఇళ్లలో మూలుగుతున్న పాత కంప్యూటర్లను జనం దుప్పట్లలో మూటగట్టి, వీపున వేసుకొచ్చి బడి హాల్లో దించుతారు. పాత సిస్టమ్ తీసేసి లినక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కించుకుని పోతారు. అంతా ఉచితమే గాని ఒక షరతుంది: ఎవరి కంప్యూటరులో వాళ్లే ఎక్కించుకోవాలి. మేం పక్కన నిలబడి చెబుతాం, కీబోర్డు మాత్రం ముట్టుకోం. ఆ షరతు పెట్టింది నేనే. నా పేరు జానెత్, మరమ్మతు కొట్టు నడుపుతాను. చేసి పెడితే జనం మర్నాడు మళ్లీ నా గుమ్మం ముందే కూర్చుంటారని నాకు బాగా తెలుసు.

ఆ ఏడు మొట్టమొదట వచ్చింది దోన్యా నికొలాసా, అంటే నికొలాసా అమ్మగారు. మూట విప్పుతూనే, "ఇందులో మా ఆయన ఉన్నాడమ్మాయ్, మెల్లగా" అంది.

వాళ్లాయన సెవెరోని ఎరగని వాళ్లు మా పేటలో లేరు. పందొమ్మిదేళ్లు మినీబస్సు కిటికీలోంచి సగం ఒళ్లు బయట పెట్టి స్టాపుల పేర్లు కేకేసిన మనిషి. పోయి మూడేళ్లయింది. పోయే ముందు మనవరాలు సరదాకి ఆ కేకను ఇంట్లో కంప్యూటరులో రికార్డు చేసింది. నలభై సెకన్లు ఉంటుందట. అది వినందే ఈవిడ పొయ్యి వెలిగించదు.

"ఈ మధ్య ఇది మొరాయిస్తోందే. 'ప్రాదో' స్టాపు అనేసరికి గొంతు పట్టేసినట్టు ఆగిపోతాడు. నా పేరు ఆ తర్వాత వస్తుంది. నాలుగు నెలలైంది విని" అంది.

"నకలు తీసుకున్నారా?"

"నా చేత్తో నేనే తీశా." రవికెలోంచి చేతిరుమాలు తీసి, ముడి విప్పి పెన్‌డ్రైవ్ చూపించింది.

"ఈ మీట నొక్కితే లోపల ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. నిజంగా తీశారా? మూడోసారి అడుగుతున్నా, తీశారా?"

"తీశానంటే నమ్మవేం! ఎన్నిసార్లు అడుగుతావే తల్లీ!"

పక్క బల్ల దగ్గర దోన్ తెయోఫిలో కిసుక్కున నవ్వాడు. సెవెరో కేకేసిన బస్సు నడిపింది ఆయనే. "పెళ్లిచూపులకొచ్చిన వాణ్ని కూడా ఇలాగే మూడుసార్లు అడుగుతుంది. అందుకే ఒక్కడూ నిలవడు" అన్నాడు.

"మీ బస్సు బ్రేకుల సంగతి ఎవరైనా మూడుసార్లు అడిగుంటే బాగుండేది" అని చురక అంటించాను. హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లోనే దోన్యా నికొలాసా మీట నొక్కింది.

గంటలో పని అయిపోయింది. కంప్యూటరుకి ఏం పేరు పెడతావని తెర అడిగితే ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ సెవెరో అని కొట్టింది. ఇంట్లోకి కొత్తదేది వచ్చినా చల్యా పూజ చెయ్యకుండా మేం వాడం. నేలతల్లికి నాలుగు చుక్కల బీరు వొలకబోసి, కంప్యూటరు నెత్తిన రంగుకాగితాల ముక్కలు చల్లాం. "మొదట పలికేది ఆయనే కావాలి, అందరూ వినండి" అని ఆవిడ పెన్‌డ్రైవ్ పెట్టింది.

తెర మీద ఒక్కటే బొమ్మ కనిపించింది. నొక్కితే పలకలేదు. మళ్లీ నొక్కింది. నేను వంగి చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది ఆ కేక కాదు, కేక ఎక్కడుందో చూపించే షార్ట్‌కట్ గుర్తు మాత్రమే. ఇల్లు తెచ్చుకున్నాననుకుని చిరునామా చీటీ తెచ్చుకుంది పాపం. మూడుసార్లు నోటితో అడిగానే గాని, ఒక్కసారి తెరిచి చూశానా? ఛీ, నా బతుకు!

"మరి ఆయన ఎక్కడున్నాడు?"

"ఇందాక తుడిచేసిన దాంట్లో."

ఆవిడ తన వేలి వంక చూసుకుంది. "నేనే నొక్కాను కదూ" అంది.

కీబోర్డు లాక్కున్నాను. షరతూ లేదు గిరతూ లేదు. రెండు గంటలు వెతికాను. కేక ఉన్న చోటే కొత్త సిస్టమ్ వచ్చి కూర్చుంది. ఏమీ దొరకలేదు. "తప్పు నాది" అన్నాను.

హాల్లో చాలామంది ఆ బస్సెక్కిన వాళ్లే. దోన్ తెయోఫిలో లేచి గొంతు సవరించుకున్నాడు. "సెహా, సాన్ ఫ్రాన్సిస్కో, పెరెస్, ప్రాదోఓఓ!" అని కేకేశాడు.

"అలా కాదు. ఆయన 'పెరెస్' దగ్గర ఊపిరి తీసుకునేవాడు" అంది ఆవిడ.

ఇంకొకామె ప్రయత్నించింది. నేనూ కేకేశాను, బడికి పోతూ విన్నదే కదా అని. ఏదీ కుదరలేదు.

"అవతలికి జరగండి" అని దోన్యా నికొలాసా మైకు దగ్గరికి లాక్కుంది. రికార్డు చెయ్యమంది. బజార్లో బేరానికి కూడా గొంతు పెంచని మనిషి, కళ్లు గట్టిగా మూసుకుని స్టాపులన్నీ వరసగా కేకేసింది. పెరెస్ దగ్గర ఊపిరి తీసుకుంది. ప్రాదో దాటింది. "ఇక నికొలాసా వంటిల్లు! సూపుకి దిగేవాళ్లు దిగండహో!" అంది.

వినిపించాను. చివరిదాకా ఆగకుండా వచ్చింది.

"ఇది నా గొంతే. ఆయన కాదు" అంది ఆవిడ. కళ్లు తుడుచుకుని, కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. "ఇంకోసారి పెట్టు."